తెలుగు, ఇంగ్లీషు, హిందీ మూడు భాషల సైటుకి డొమైన్లు ఎన్ని కొనాలి?

మొన్న మా చుట్టాలబ్బాయి ఫోన్ చేసి, అన్నా పచ్చళ్లకి వెబ్‌సైట్ పెడుతున్నా, తెలుగుకి ఒకటి ఇంగ్లీషుకి ఒకటి హిందీకి ఒకటి మూడు డొమైన్లు కొనేస్తున్నా అన్నాడు. ఆగరా బాబూ ముందు ఆ కార్డు జేబులో పెట్టు అన్నా. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

పనికొచ్చే దారులు మూడే. ఒకటి దేశానికో డొమైన్, ఇండియాకి డాట్ ఇన్, జర్మనీకి డాట్ డీఈ అలా. రెండోది సబ్‌డొమైన్, అంటే పేరుకి ముందు భాష కోడ్ తగిలించడం, తెలుగు వికీపీడియా ఇలాగే ఉంటుంది చూడండి, టీఈ డాట్ వికీపీడియా డాట్ ఆర్గ్ అని. మూడోది ఫోల్డర్, డాట్ కామ్ తర్వాత స్లాష్ కొట్టి టీఈ. అడ్రస్ చివర ప్రశ్న గుర్తు పెట్టి భాష రాసే పద్ధతి ఇంకోటి ఉంది గానీ గూగుల్ వాళ్లే అది వద్దంటారు, వదిలేయండి.

చిన్న షాపు అయితే ఇంకేం ఆలోచించకుండా ఫోల్డర్ పెట్టేయండి. డాట్ ఇన్ అనేది ఇండియా అని చెప్తుంది గానీ తెలుగు అని చెప్పదు కదా, పైగా మీ ఆవకాయ కొనేవాళ్లలో సగంమంది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఆ డాట్ ఇన్ మీకు అడ్డమే. మూడు డొమైన్లంటే మూడు రెన్యువల్స్, మూడింటికీ బయటినుంచి లింకులు విడివిడిగా మొదట్నుంచి సంపాదించుకోవాలి, అదే ఫోల్డర్ అయితే అన్నీ ఒకే ఇంటిపేరు మీద ఉంటాయి. అమెజాన్ లాగా ఒక్కో దేశంలో స్టాకు వేరు, ధర వేరు, డెలివరీ వేరు అన్నప్పుడే దేశానికో డొమైన్. సబ్‌డొమైన్ కూడా తప్పేం కాదు, తెలుగు సైట్ వేరే సర్వర్లో నడపాల్సి వస్తే అది తేలిక.

అసలు దెబ్బ తినేది డొమైన్ దగ్గర కాదండి, హెచ్‌రెఫ్‌లాంగ్ దగ్గర. ఒక్కో పేజీ హెడ్‌లో, అంటే పైకి కనబడని కోడ్ భాగంలో (లేకపోతే సైట్ పేజీల జాబితా ఫైలు సైట్‌మ్యాప్‌లో) ఇదే పేజీ తెలుగులో ఇక్కడుంది, హిందీలో ఇక్కడుంది అని గూగుల్‌కి చెప్పే లైన్లు అవి. తెలుగు పేజీ హిందీ పేజీని చూపిస్తే హిందీ పేజీ కూడా తిరిగి తెలుగు పేజీని చూపించాలి, ఒకవైపే చూపిస్తే గూగుల్ ఆ లైన్‌ని పట్టించుకోకపోవచ్చు. ప్రతి పేజీ తన అడ్రస్ కూడా తను రాసుకోవాలి. మీ సైట్‌లో ఉన్న భాషల్లో ఏదీ తమది కానివాళ్లకి ఎక్స్-డిఫాల్ట్ అని ఇంకో లైను, దాన్ని మామూలుగా ఇంగ్లీషు పేజీకో, భాష ఎంచుకునే పేజీకో ఇస్తారు.

ఆ లైన్లలో రాసే కోడ్‌లో మొదట భాష, కావాలంటే తర్వాత దేశం. తెలుగుకి టీఈ, అంతే. ఒకాయన సైట్‌లో చూశా, ఆంధ్రాకి వేరే రేట్లు తెలంగాణకి వేరే రేట్లు అని టీఈ-ఏపీ, టీఈ-టీజీ అని రాసిపెట్టుకున్నాడు, బండి నంబర్ ప్లేట్ అనుకున్నాడు పాపం. అక్కడ రాష్ట్రాలు ఉండవండి, దేశాలే. టీజీ అంటే ఆఫ్రికాలో టోగో. అంటే టోగోలో ఉన్న తెలుగువాళ్ల కోసం పచ్చళ్ల పేజీ అన్నమాట. బ్రిటన్‌కి యూకే అని రాయడం కూడా ఇలాంటి తప్పే, జీబీ అని రాయాలి.

క్యానోనికల్ ట్యాగ్, అంటే ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో గూగుల్‌కి చెప్పే లైను, ఏ పేజీది ఆ పేజీకే ఇవ్వండి, తెలుగు పేజీలో ఇంగ్లీషు అడ్రస్ ఇస్తే అసలు పేజీ అదే, నన్ను వదిలెయ్ అని మీరే చెప్పినట్టు. ఇంకోటి, మెనూ బటన్లు మాత్రం తెలుగు చేసి లోపల మేటర్ ఇంగ్లీషులో ఉంచితే లాభం లేదు, గూగుల్ భాష గుర్తుపట్టేది పేజీలో కనబడే రాతని బట్టే.

నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్తా. నా పాత సైట్‌లో తెలివిగా ఐపీ (చూసేవాళ్ల ఇంటర్నెట్ అడ్రస్) చూసి ఇండియా అయితే తెలుగు, బయటిదైతే ఇంగ్లీషు వచ్చేలా పెట్టా. సైట్లు చదువుకుపోయే గూగుల్ ప్రోగ్రామ్, గూగుల్ బాట్, ఎక్కువగా అమెరికా ఐపీల నుంచే వస్తుంది, ఎప్పుడొచ్చినా దానికి ఇంగ్లీషే, తెలుగు పేజీలు ఒక్కటీ సెర్చ్‌లో లేవు, నేనేమో రెండు నెలలు హోస్టింగ్ వాళ్లతో పోట్లాడా. ఎవర్నీ బలవంతంగా తిప్పొద్దు, పైన భాషల లింకులు పెట్టండి చాలు, వాళ్లే నొక్కుకుంటారు.

అడ్రస్‌లో తెలుగు అక్షరాలు పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, గూగుల్‌కి ఇబ్బంది లేదు. కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు పర్సెంట్ గుర్తులతో కొండవీటి చాంతాడంత అవుతుంది, ఒక్కో అక్షరం, గుణింతం గుర్తు కూడా విడిగా, 9 క్యారెక్టర్లు. అరిసెలు అని రాస్తే నాలుగక్షరాలు, మూడు గుణింతం గుర్తులు, మొత్తం ఏడింటికి 63. అందుకే నేనైతే ఇంగ్లీషు అక్షరాల్లోనే అరిసెలు అని రాస్తా, పేజీ లోపల టైటిల్ మాత్రం తెలుగులో.

ఇదంతా విన్నాక మావాడు మెల్లిగా, అన్నా తెలుగు అక్షరాల్లో డాట్ భారత్ డొమైన్ ఒకటి నిన్ననే కొనేశా అన్నాడు. సరే పోనీ అని దాన్ని 301 రీడైరెక్ట్‌తో, అంటే అడ్రస్ శాశ్వతంగా మారిందని చెప్పే పద్ధతిలో, తెలుగు ఫోల్డర్‌కి తిప్పేశాం. సీసా లేబుల్ మీద ఆ పేరే వేయించుకున్నాడు, చూడ్డానికి బానే ఉంది.