లిట్ కాంపోనెంట్‌లో డేటా మారినా స్క్రీన్ మారట్లేదా?

వెబ్ పేజీ భాగాలు (కాంపోనెంట్లు) తయారు చేసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ లిట్. దాంతో కాంపోనెంట్లు రాసేవాళ్లను బాగా విసిగించే సమస్య ఇది. కన్సోల్‌లో విలువ మారినట్టే ఉంటుంది, పేజీలో మాత్రం పాతదే. చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు.

మనం రియాక్టివ్‌గా (విలువ మారితే స్క్రీన్ కూడా మారేలా) ప్రకటించిన ప్రతి ప్రాపర్టీకీ లిట్ ఒక సెట్టర్ (విలువ ఇచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) తగిలిస్తుంది. ప్రాపర్టీకి కొత్త విలువ ఇవ్వగానే ఆ సెట్టర్ పాతదానితో పోల్చి చూసి, తేడా ఉంటేనే రెండర్ (స్క్రీన్‌ను కొత్త విలువతో మార్చడం) మొదలుపెడుతుంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది: సెట్టర్ నడిచిందా? నడిస్తే దానికి తేడా కనిపించిందా?

సమస్య: లిస్టులో ఐటమ్ చేర్చినా కనిపించడం లేదు

పుష్‌తో చేర్చి ఉంటారు. పుష్ ఉన్న అర్రేలోనే మార్పు చేస్తుంది, ప్రాపర్టీకి కొత్తగా ఏదీ ఇవ్వదు కాబట్టి సెట్టర్ నడవదు. పుష్ చేశాక అదే అర్రేని మళ్లీ ప్రాపర్టీకి ఇచ్చినా లాభం లేదు. పాతదీ కొత్తదీ ఒకే అర్రే, తేడా ఏముంటుంది?

స్ప్రెడ్‌తో (మూడు చుక్కలతో పాత ఐటమ్‌లను పరిచి) కొత్త అర్రే తయారు చేసి ఇవ్వండి. తీసేయాలంటే ఫిల్టర్, మార్చాలంటే మ్యాప్. ఆబ్జెక్టులకూ ఇదే పద్ధతి. రెండర్ చేయమని నేరుగా అడిగే రిక్వెస్ట్‌అప్‌డేట్ పిలిచి పని కానిచ్చేవాళ్లున్నారు. ఆ కాంపోనెంట్ వరకు రెండర్ అవుతుంది నిజమే. కానీ అదే అర్రేని ప్రాపర్టీగా అందుకుంటున్న చైల్డ్ కాంపోనెంట్‌కు తేడా తెలియదు, అది కదలదు. అప్పుడు బగ్ ఒక మెట్టు కిందికి దిగినట్టే, పోయినట్టు కాదు.

సమస్య: మొదటి రెండర్ బాగుంది, తర్వాత ఏ ప్రాపర్టీ మార్చినా చలనం లేదు

బిల్డ్ టూల్ మార్చాకో, టైప్‌స్క్రిప్ట్ టార్గెట్ ఈఎస్2022కి పెంచాకో ఇలా మొదలైతే అనుమానించాల్సింది క్లాస్ ఫీల్డులనే (క్లాస్ లోపల నేరుగా ప్రకటించిన ప్రాపర్టీలు). లిట్ పెట్టిన సెట్టర్ ప్రోటోటైప్ (ఆ క్లాస్ ఆబ్జెక్టులన్నీ పంచుకునేది) మీద ఉంటుంది. క్లాస్ ఫీల్డ్ నేరుగా ఇన్‌స్టన్స్ (ఆ క్లాస్‌తో తయారైన ఒక్కో ఆబ్జెక్ట్) మీదే అదే పేరుతో ప్రాపర్టీ సృష్టించి దాన్ని కప్పేస్తుంది. ఇక ఆ సెట్టర్ వైపు ఎవరూ వెళ్లరు.

మామూలు జావాస్క్రిప్ట్‌లో అయితే మొదటి విలువలను కన్‌స్ట్రక్టర్‌లో ఇవ్వండి. టైప్‌స్క్రిప్ట్‌లో పాత తరహా డెకరేటర్లు (ప్రాపర్టీ ముందు @ తో రాసే గుర్తులు) వాడుతుంటే యూజ్‌డిఫైన్‌ఫర్‌క్లాస్‌ఫీల్డ్స్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేయండి. కొత్త ప్రామాణిక డెకరేటర్లయితే ప్రాపర్టీ ముందు యాక్సెసర్ అనే కీవర్డ్ ఉండాలి. లిట్ డెవలప్‌మెంట్ బిల్డ్ ఈ తప్పును పట్టుకుని కన్సోల్‌లో చెబుతుంది, ప్రొడక్షన్ బిల్డ్ నోరు మెదపదు. డీబగ్ చేసేటప్పుడు డెవలప్‌మెంట్ బిల్డే వాడాలి అనేది అందుకే.

సమస్య: ఫాల్స్ పంపినా ట్రూ లాగే పనిచేస్తోంది

బూలియన్ ఆట్రిబ్యూట్ ఉందంటే ట్రూ, లేదంటే ఫాల్స్. అందులో ఫాల్స్ అని రాసి పెట్టినా ట్రూ కిందే లెక్క. టెంప్లేట్‌లో ఆట్రిబ్యూట్ పేరు ముందు ప్రశ్నార్థకం పెట్టండి. అర్రే, ఆబ్జెక్ట్ పంపాలంటే పేరు ముందు చుక్క. లేకపోతే అవి స్ట్రింగ్‌గా మారిపోయి చేరతాయి.

సమస్య: విలువ మార్చిన మరుసటి లైన్‌లో చదివితే డామ్‌లో (బ్రౌజర్ దాచుకునే పేజీ నిర్మాణంలో) పాతదే ఉంది

రెండర్ వెంటనే జరగదు, మైక్రోటాస్క్‌లో (ఇప్పుడు నడుస్తున్న కోడ్ ముగియగానే) జరుగుతుంది. వరసగా నాలుగు ప్రాపర్టీలు మార్చినా ఒకేసారి రెండర్ అయ్యేలా చేసిన ఏర్పాటు అది. రెండర్ అయ్యాక నెరవేరే ప్రామిస్ అప్‌డేట్‌కంప్లీట్‌ని అవెయిట్ చేసి ఆ తర్వాత చదవండి. సెట్‌టైమౌట్ పెట్టి నెట్టుకురావద్దు.

సమస్య: రీసెట్ నొక్కినా ఇన్‌పుట్ బాక్స్‌లో టైప్ చేసింది అలాగే ఉంది

యూజర్ టైప్ చేసింది డామ్‌లోకి వెళ్లింది గానీ మీ స్టేట్‌లోకి (కాంపోనెంట్ ప్రాపర్టీలో దాచిన విలువలోకి) రాలేదు. స్టేట్ మొదటి నుంచీ ఖాళీ స్ట్రింగే. రీసెట్ మళ్లీ ఖాళీ స్ట్రింగ్ ఇస్తే సెట్టర్‌కు తేడా కనిపించదు. టెంప్లేట్‌లో వాడే లిట్ సహాయక ఫంక్షన్ లైవ్ డైరెక్టివ్ పెడితే చాలనుకుంటారు. అది అసలు డామ్ విలువతోనే పోలుస్తుంది గానీ, రెండర్ జరిగితే కదా పోల్చేది! ఇన్‌పుట్ ఈవెంట్‌లో ప్రతి మార్పునీ స్టేట్‌లోకి రాయండి, రీసెట్ తనంతట తనే పనిచేస్తుంది.