బట్టల డ్రైయర్‌లో వేడి సెన్సర్ పోయిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

డ్రైయర్ తెర మీద టెంపరేచర్ సెన్సర్‌లో లోపముందని చెప్పే కోడ్ కనబడగానే మనవాళ్లు చేసే మొదటి పని, కొత్త సెన్సర్‌కు ఆర్డర్ పెట్టడం. అది వచ్చేదాకా తడి బట్టలు కుర్చీల మీద, తలుపుల మీద వేలాడుతుంటాయి. వచ్చాక బిగిస్తారు, మళ్లీ అదే కోడ్. అప్పుడు నాకు ఫోను చేస్తారు. వెళ్లి చూస్తే చాలాసార్లు పాత సెన్సర్ నిక్షేపంగా ఉంటుంది.

ఇక్కడ చెప్పేది అమెరికా ఇళ్లలో ఉండే 240 వోల్టుల కరెంటు డ్రైయర్ల సంగతి. గ్యాసు డ్రైయర్ అయితే పని తెలిసినవారిని పిలవండి.

ముందు ప్లగ్గు తీసి ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టి నడపండి. కోడ్ వెంటనే వస్తే సెన్సరో, దాని తీగో తెగిందని లేదా షార్టయిందని అనుమానించాలి. పదిహేను నిమిషాలు తిరిగాక వస్తే ముందు బయటికి పోయే గాలి దారి చూడాలి. బయటి గోడకున్న మూత గాలికి తెరుచుకుంటోందా? యంత్రం వెనక 4 అంగుళాల గొట్టం నలిగిందా? లోపల లింట్, అంటే బట్టల నుంచి రాలే నూగు, పేరుకుందా? ముడతల రేకు గొట్టం ఉంటే తీసి పారేయండి. గట్టి లోహపు గొట్టం తప్ప మరొకటి నా ఇంట్లోకి రానివ్వను.

గాలి దారి బాగుంటే ప్లగ్గు తీసేసి యంత్రం విప్పండి. బ్రేకర్ దింపడంతో సరిపెట్టుకోవద్దు. స్క్రూడ్రైవరు, చవక మల్టీమీటరు, చేతులకు గ్లవ్స్ చాలు. రేకు అంచులు వేళ్లు కోస్తాయి. విప్పే తీరు మోడల్‌ను బట్టి మారుతుంది. సెన్సర్ సాధారణంగా గాలిని తోసే ఫ్యాను (బ్లోయర్) డొప్ప మీద, రెండు తీగలతో చిన్నగా ఉంటుంది. తీగలు లాగేముందు ఫోనుతో ఫొటో తీసుకోండి.

ఇక కొలవడం. అందరూ బోల్తాపడేది ఇక్కడే.

సెన్సర్ పక్కనే తరచూ థర్మల్ ఫ్యూజు, అంటే వేడి మితిమీరితే తెగిపోయే ఫ్యూజు, ఉంటుంది. మీటరును బీప్ మెట్టు మీద పెడితే బాగున్న ఫ్యూజుకు బీప్ అంటుంది. సెన్సర్‌కు అనదు, అనకూడదు. ఇది థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దీని నిరోధం తగ్గుతుంది. బీప్ రాలేదని మంచి సెన్సర్‌ను చెత్తబుట్టలో వేసినవారిని కళ్లారా చూశాను. మీటరును ఓమ్‌ల మీద పెట్టండి. సెన్సర్ నుంచి తీగలు పూర్తిగా ఊడదీశాకే కొలవండి, లేకపోతే కంట్రోల్ బోర్డును కూడా కలిపి కొలిచినట్టవుతుంది. ఊడదీసేటప్పుడు తీగను కాదు, కనెక్టర్‌ను పట్టుకుని లాగండి.

అంకె ఎంత రావాలి? చాలా డ్రైయర్లలో 77 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 10 కిలో ఓమ్‌లు. కొన్నింటిలో వేరు. యంత్రం లోపల మడిచి పెట్టిన కాగితంలో సాధారణంగా మీ మోడల్ లెక్క ఉంటుంది, దాన్ని వెతకండి. 10 కిలో ఓమ్‌ల రకమైతే 70 డిగ్రీల గదిలో 12 దగ్గర చూపిస్తుంది. ఒక జనవరిలో స్నేహితుడి గరాజుకు వెళ్లాను. లోపల 40 డిగ్రీల ఫారన్‌హీట్. ఆయన మీటరును 20 కిలో ఓమ్‌ల మీద పెట్టి కొలిచాడు, తెర మీద ఎడమ పక్కన ఒంటరిగా 1 కనిపించింది. ‘తెగిపోయింది’ అన్నాడు. ఆ చలికి అది 20 పైనే ఉండాలి, 20 దాటితే ఆ మెట్టు మీద మీటరు అలాగే చూపిస్తుంది. తర్వాతి మెట్టుకు తిప్పగానే 24 వచ్చింది. కొత్త సెన్సర్ అప్పటికే దారిలో ఉంది.

ఒక్క అంకెను నమ్మవద్దు. సెన్సర్‌ను విప్పి, మీటరు కొనలు దాని కాళ్లకు, అంటే తీగలు తగిలే లోహపు ముక్కలకు, తగిలించి, పిడికిట్లో పట్టుకోండి. వేళ్లు మాత్రం ఆ కాళ్లకు తగలకూడదు. గదిలో 12 ఉన్నది నిమిషం రెండు నిమిషాల్లో 8 కిందికి నెమ్మదిగా, ఆగకుండా దిగాలి. మధ్యలో ఎగిరితే, ఉన్నట్టుండి మాయమైతే, సున్నా దగ్గరే కూర్చుంటే సెన్సర్ పోయినట్టే. హెయిర్ డ్రైయర్ పెట్టేవారు, వేడినీళ్లలో ముంచేవారు ఉన్నారు. అంకె గబగబా పడిపోతే మధ్యలో ఎగిరిన క్షణం కంటికి కనబడదు. పిడికిలిని మించిన పరికరం లేదు.

సెన్సర్ బాగుంటే తీగల వంతు. దాన్ని తిరిగి తగిలించి, బోర్డు వైపు కనెక్టర్ ఊడదీసి, తీగల కొన దగ్గర కొలవండి. అదే అంకె రావాలి. తీగను అక్కడక్కడ కదిపి చూడండి. అంకె గెంతితే దొంగ దొరికినట్టే. తీగ కూడా బాగుండి కోడ్ వస్తూనే ఉంటే బోర్డును అనుమానించాలి.

నిజంగానే సెన్సర్ పోతే మోడల్ నంబరు చూసి కొనండి, ఆకారం చూసి కాదు. అది వచ్చేలోగా రెండు తీగలు కలిపేసి నడపవద్దు. పరీక్షించేముందు పలకలన్నీ బిగించండి, తెరిచి ఉంటే గాలి దారి తప్పుతుంది. ఖాళీ డ్రమ్ము తిప్పడం కాదు, రెండు తడి తువ్వాళ్లు వేసి అరగంట నడపండి.