వెడల్పాటి ఆఫ్‌రోడ్ టైరుకు రిమ్ వెడల్పు ఎంచుకోవడం ఎలా?

ముందు టైరు సైజు తేల్చుకోండి, రిమ్ము సంగతి ఆ తర్వాత. ఒక్కో సైజును ఎంత నుంచి ఎంత వెడల్పున్న రిమ్ముకు ఎక్కించవచ్చో టైరు కంపెనీ స్పెసిఫికేషన్లలో ఉంటుంది. సాధారణంగా కనిపించే కొలతలు ఇవి (235/75 ఆర్15లో 235 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 75 సైడ్‌వాల్ ఎత్తు వెడల్పులో శాతంగా, 15 రిమ్ము వ్యాసం అంగుళాల్లో; 31×10.50లో టైరు ఎత్తు, వెడల్పు అంగుళాల్లో):

215/75 ఆర్15: 5.5 నుంచి 7 అంగుళాలు
235/75 ఆర్15: 6 నుంచి 8
31×10.50 ఆర్15: 7 నుంచి 9
33×12.50 ఆర్15: 8.5 నుంచి 11

మారుతీ సుజుకీ జిమ్నీని తీసుకుందాం. కంపెనీ నుంచి 195/80 ఆర్15 టైరు, 5.5 అంగుళాల రిమ్ముతో వస్తుంది. 215 టైరు ఆ రిమ్ము మీదే సరిపోతుంది, ఇంకో రిమ్ము కొనక్కర్లేదు. 235కి వెళ్తే మాత్రం పాత రిమ్ము చాలదు.

1. రిమ్ము కొలవండి. వెనక వైపునో స్పోకుల మీదో 15×7జె లాంటి అంకె ఉంటుంది. అందులో 7 అన్నదే వెడల్పు. అంకె చెరిగిపోతే రెండు అంచుల లోపలి ముఖాల మధ్య కొలవాలి. సెకండ్‌హ్యాండ్ రిమ్ములు కొనేటప్పుడు చాలామంది పొరపడేది ఇక్కడే: టేపు బయటి అంచు నుంచి బయటి అంచుకు పెడతారు. అలా కొలిస్తే 7 అంగుళాల రిమ్ము దాదాపు 8 చూపిస్తుంది.

2. పరిధిలో ఏ కొస ఎంచుకోవాలి? రాళ్లు, బురద, ఇసుకలో గాలి తగ్గించి నడిపే బండికి మధ్య కొలత గానీ, అంతకన్నా ఓ అరంగుళం తక్కువ గానీ మంచిది. 235/75కి 6.5 లేదా 7, 31×10.50కి 7.5 లేదా 8 తీసుకోండి. అప్పుడు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) కాస్త బయటికి ఉబ్బి రిమ్ము అంచును రాళ్ల దెబ్బ నుంచి కాపాడుతుంది, గాలి తగ్గించినా బీడ్ (రిమ్ముకు అతుక్కునే టైరు లోపలి అంచు) తన చోట గట్టిగా కూర్చుంటుంది.

చూపులకు బాగుంటుందని ఎక్కువ వెడల్పు రిమ్ము వేస్తే ఇదంతా తలకిందులవుతుంది. సైడ్‌వాల్ లాగినట్టు నిటారుగా నిలబడి అంచు బయటపడుతుంది. మలుపులో పక్కనుంచి తోపు పడగానే బీడ్ ఊడి గాలి మొత్తం పోవచ్చు. బీడ్‌లాక్ (బీడ్‌ను రిమ్ముకు బిగించి పట్టే రింగు) లేని రిమ్ముకు 15 పీఎస్ఐ కన్నా దిగితే ఈ ప్రమాదం ఎక్కువ. మరీ ఇరుకు రిమ్ముతో వచ్చే తంటా వేరు: టైరు మధ్యలో గుమ్మటంలా లేచి నడిమి ట్రెడ్డే (నేలను తాకే భాగం) అరుగుతుంది, తారు రోడ్డు మీద మలుపుల్లో బండి ఊగుతుంది.

రిమ్ము అరంగుళం పెరిగితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 235 అనే అంకె 6.5 అంగుళాల రిమ్ము మీద లెక్క. కాబట్టి 7 అంగుళాల మీద అది 240 అవుతుంది.

3. ఆఫ్‌సెట్ లెక్క. రిమ్ము వెడల్పు నడిమి గీత నుంచి అది బండికి బిగుసుకునే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. రిమ్ము మీద ఈటీ పక్కన ఉన్న అంకె ఇది, మిల్లీమీటర్లలో. పాతది ఈటీ +5, కొత్తది 7 అంగుళాలు, ఈటీ 0 అనుకుందాం. టైరు 195 నుంచి 240 అయింది, అంటే ఒక్కో పక్కకు 22.5 మిల్లీమీటర్లు. ఈటీ 5 తగ్గింది కనుక లోపలికి 17.5, బయటికి 27.5 జరుగుతుంది. అదే ఈటీ –10 తీసుకుంటే లోపలికి 7.5, బయటికి 37.5. లోపల రాడ్లకు తగలకుండా ఉండాలని ఈటీ తగ్గిస్తూ పోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, వీల్ బేరింగు మీద భారం పెరుగుతుంది, మడ్‌గార్డు దాటిన టైరు బురదంతా అద్దాల మీదికి చిమ్ముతుంది. రిజిస్ట్రేషన్‌లోని వివరాలకు భిన్నమైన మార్పును మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదన్నది కూడా మనసులో పెట్టుకోండి.

4. ఒక్క చక్రంతో పరీక్ష. నాలుగూ ఎక్కించకముందే ముందు చక్రం ఒకటి బిగించి చూడండి. బోల్టు రంధ్రాల కొలత (జిమ్నీకి 5×139.7), మధ్య రంధ్రం, బ్రేక్ క్యాలిపర్‌కు ఖాళీ సరిచూడండి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. తర్వాత ఆ చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, సస్పెన్షన్ నొక్కుకున్న స్థితిలో మళ్లీ తిప్పండి. చదును నేల మీద తగలని టైరు ఇక్కడ బంపర్ మూలకో లోపలి రాడ్డుకో రాసుకోవచ్చు.

5. సుద్దముక్క పరీక్ష. డోరు మీద స్టిక్కరులో ఉన్న గాలి లెక్క పాత టైరుది. ట్రెడ్డు మీద అడ్డంగా సుద్దగీత గీసి, చదునైన రోడ్డు మీద వంద మీటర్లు నేరుగా నడపండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. రెండేసి పీఎస్ఐ మార్చి మళ్లీ చూడండి. గాలి మరీ తక్కువకు దించితే తప్ప గీత నడిమి ట్రెడ్డు మీదే చెరుగుతూ ఉంటే, రిమ్ము ఇరుకైందేమో చూడాలి.

కొనేటప్పుడు ఐదో రిమ్ము, ఐదో టైరు కూడా లెక్కలో వేసుకోండి. 195/80 టైరు ఎత్తు 693 మిల్లీమీటర్లు, 235/75ది 733. పాత స్టెప్నీ వేసుకుని ఫోర్‌వీల్ డ్రైవ్‌లో పోతే ఆ తేడా భారమంతా గేర్ల మీద పడుతుంది. కొత్త రిమ్ముల నట్లు టార్క్ రెంచితో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడండి.