మార్కెట్ చట్టాల్లో ఎల్ఎల్ఎం: క్లాట్ పీజీకి ఎలా దరఖాస్తు చేయాలి?

సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) ఉత్తర్వులు, కాంపిటీషన్ కమిషన్ (వ్యాపార పోటీని కాపాడే సంస్థ) కేసులు, కంపెనీల విలీనాలు... ఈ రంగంలో పని చేయాలనుకునే లా విద్యార్థులకు జాతీయ లా యూనివర్సిటీల్లో ఏడాది ఎల్ఎల్ఎం (లా పీజీ కోర్సు) మంచి దారి. శామీర్‌పేటలోని నల్సార్ లా వర్సిటీలో, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య వర్సిటీలో సీటు కావాలంటే జాతీయ లా వర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్లాట్ పీజీ రాయాలి. ఢిల్లీ జాతీయ లా వర్సిటీకి ఐలెట్, ఉస్మానియా, ఆంధ్రా వర్సిటీలకు పీజీఎల్‌సెట్ అనే ప్రవేశ పరీక్షలు వేరుగా ఉంటాయి.

ఎల్ఎల్‌బీలో 50 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 45 చాలు. ఫైనలియర్ వాళ్లూ అర్హులే. గరిష్ఠ వయసు పరిమితి లేదు. 2023 నుంచి పరీక్ష డిసెంబరు మొదటి ఆదివారం జరుగుతోంది కాబట్టి ఆగస్టు నుంచే క్లాట్ నిర్వహించే జాతీయ లా వర్సిటీల కన్సార్షియం వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.

మొబైల్ నంబరుతో రిజిస్టర్ చేసుకుని లాగిన్ అవ్వాలి. వివరాలు నింపి, ఫొటో, సంతకం అప్‌లోడ్ చేసి, ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి. పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది రిజర్వేషన్ భాగంలో. కులం, వైకల్యం, స్థానికత ఏది వర్తించినా అక్కడే చెప్పాలి. ఒక్కో వర్సిటీ స్థానిక కోటా నిబంధన ఒక్కో తీరుగా ఉంటుంది, దాని నోటిఫికేషన్ చదివాకే నింపండి. మీసేవలోనో సచివాలయంలోనో ధ్రువపత్రాలు ముందే తీసుకుంటే చివరి వారంలో టెన్షన్ ఉండదు.

ఫారం నింపేటప్పుడే ఆలోచించాల్సింది మరొకటుంది. మార్కెట్ నియంత్రణ చట్టాల చదువుకు వేరే ప్రవేశ పరీక్ష లేదు. క్లాట్ పీజీలోనే రాజ్యాంగం, కాంట్రాక్టులు, కంపెనీ లా, పన్నులు అన్నీ కలిపి 120 ప్రశ్నలు, రెండు గంటలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. మీరు కోరుకున్న చదువు దొరకడం కౌన్సెలింగ్‌లో మీరిచ్చే వర్సిటీల వరుసపై ఆధారపడుతుంది. యూజీసీ ఏడాది ఎల్ఎల్ఎం మార్గదర్శకాల్లో కార్పొరేట్, కమర్షియల్ లా ఒక స్పెషలైజేషన్. అయితే కాంపిటీషన్ లా, సెక్యూరిటీస్ లా (షేర్లు, బాండ్ల చట్టాలు) ఏ వర్సిటీలో నిజంగా చెబుతున్నారో, ఎవరు చెబుతున్నారో ఈ ఏడాది సిలబస్‌లోనే చూడాలి. డిజర్టేషన్‌కు (కోర్సులో రాసే పరిశోధన వ్యాసం) గైడ్ దొరకడమూ దాన్ని బట్టే ఉంటుంది. ర్యాంకింగ్ కన్నా నేను దీనికే ఎక్కువ విలువిస్తాను.

సబ్మిట్ చేశాక ఫారం, ఫీజు రసీదు పీడీఎఫ్‌లు దాచుకోండి. హాల్‌టికెట్ కూడా అదే లాగిన్‌లో వస్తుంది.