అప్పీల్ అవుట్ పడితే పరుగు లెక్కేనా?

విశాఖ కుర్రాళ్లకు క్రికెట్ అప్పీల్ కొత్త కాదు. బేస్‌బాల్‌లోనూ కొన్ని తప్పులకు ఫీల్డింగ్ జట్టు అడగనిదే అంపైర్ అవుటివ్వడు. ఏయూ మైదానంలో స్కోరు రాయడానికి కూర్చునేవాళ్లు ఈ ఒక్క సందర్భాన్ని గట్టిగా పట్టుకోవాలి.

ఒక అవుట్ అయింది, రన్నర్లు 1, 3 బేస్‌లలో ఉన్నారు. గాల్లోకి లేచిన బంతిని పట్టేశారు, రెండో అవుట్. మూడో బేస్ రన్నర్ క్యాచ్ పడ్డాకే కదిలి హోమ్ (పరుగు పూర్తయ్యే చివరి బేస్) తాకాడు. మొదటి బేస్ రన్నర్ మాత్రం క్యాచ్ పడకముందే ఉరికాడు, అదే తప్పు. అతను వెనక్కి చేరేలోపు బంతి ఫస్ట్‌కి వచ్చింది. అప్పీల్, మూడో అవుట్.

ఆ అవుట్ కంటే ముందే హోమ్ తాకి ఉంటే పరుగు లెక్కే. చాలామంది దీన్ని ఫోర్స్ అవుట్ (బ్యాటర్ పరిగెత్తడంతో బేస్ వదలక తప్పని రన్నర్ అవుటవడం) అనుకుని ఆ పరుగును లెక్కలోంచి తీసేస్తారు. బ్యాటర్ అవుటయ్యాక ఇక ఫోర్స్ ఎక్కడిది?

మూడో బేస్ రన్నర్ కూడా ముందే కదిలాడా? అప్పుడు మూడు అవుట్లయ్యాక కూడా మూడో బేస్‌లో అప్పీల్ చేయొచ్చు. ఆ నాలుగో అవుట్‌తో పరుగు పోతుంది.

అప్పీల్ గడువు తర్వాతి పిచ్ (పిచ్చర్ బ్యాటర్‌కి విసిరే బంతి) లేదా తర్వాతి ప్లే దాకానే. ఆ అవుట్‌తో సగం ఇన్నింగ్స్ (ఒక జట్టు బ్యాటింగ్ వంతు) ముగిస్తే, పిచ్చర్, ఇన్‌ఫీల్డర్లందరూ ఫెయిర్ ప్రాంతం (రెండు ఫౌల్ గీతల మధ్య మైదానం) దాటేలోపు. అందాకా ఆ పరుగును పెన్సిల్‌తోనే రాయండి.