బతుకమ్మ పాటకు బీట్ ఎలా కుదిరిందంటే

హనుమకొండలో మా ఇంట్లో అమ్మ పాడిన బతుకమ్మ పాటను రికార్డు చేసి, హైడ్రోజన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బీట్ వేద్దామని కూర్చున్నాను. రెడీమేడ్ లూప్ (తిరిగి తిరిగి మోగే బీట్ ముక్క) పెడితే రెండో చరణానికే పాట ఒక దారి, బీట్ ఒక దారి. వేగం ఎంత మార్చినా అంతే. మూడు రాత్రులు ఒకటే టెన్షన్.

చివరికి "చప్పట్లు కొడుతూ పాడమ్మా" అన్నాను. పక్కన కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాను. చప్పట్టుకీ చప్పట్టుకీ మధ్య తకిట, తకిట అని మూడు. సాఫ్ట్‌వేర్‌లో దెబ్బలు పెట్టే గడుల వరుస, అంటే నా గ్రిడ్‌లో మాత్రం ఒక్కో బీట్‌కు నాలుగు గడులు! అక్కడే దొరికింది తప్పు.

గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు, అంటే బీట్‌కు మూడు గడులకు మార్చాను. నాలుగు బీట్ల బార్‌కు 12 గడులు. 1, 7 గడుల్లో కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), 4, 10లో చప్పట్లు. అమ్మకు ఇయర్‌ఫోన్‌లో తాళం చెప్పే క్లిక్ వినిపిస్తూ మళ్లీ పాడించాను. పాట, బీట్ కలిశాయి.

అయినా వింటుంటే గోడకు మేకు కొట్టినట్టు ఉంది. మన డప్పులో సిర్ర దెబ్బ బరువుగా, సిటికెన పుల్ల దెబ్బ సన్నగా పడతాయి కదా, ఆ తేడా నా బీట్‌లో లేదు. కిక్‌ల్లో మొదటిదాన్ని గట్టిగా ఉంచి రెండోదాన్ని తగ్గించాను. 6, 12 గడుల్లో చాలా మెల్లగా ఒక చిన్న దెబ్బ చేర్చాను. చప్పట్లను ఓ 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడేలా జరిపాను.

వినిపిస్తే అమ్మ ఏమీ అనలేదు, చేతులు మాత్రం చప్పట్లు అందుకున్నాయి.