వేసవిలో పాలిమర్ క్లే నగలు: ఓవెన్ ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు ఇంటిపట్టునే ఉంటారు, పెళ్లిళ్లూ అప్పుడే వస్తాయి కనుక చీరకు నప్పే రంగులో బుట్టకమ్మలు ఇంట్లోనే చేసుకుందామన్న ఉత్సాహం ఆ రోజుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. కానీ పాలిమర్ క్లేకు మన ఎండాకాలం బొత్తిగా పడదు. పేరులో క్లే ఉన్నా ఇందులో మట్టి ఉండదు. పీవీసీ పొడికి ప్లాస్టిసైజర్ అనే ద్రవాన్ని, రంగులను చేర్చి మెత్తగా చేసిన ముద్ద ఇది. టెర్రకోట నగల మాదిరిగా దీన్ని ఆరబెట్టి బట్టీలో కాల్చరు. ఎన్నాళ్లు ఉంచినా గాలికి ఆరదు, తగినంత వేడి తగిలితేనే గట్టిపడుతుంది. నగ చేయకముందే ఆ వేడి తగిలితే ముద్ద పాడవుతుంది. చేశాక మోతాదు మించితే మనుషులకే హాని.

రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో పగటి వేడి 44 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో నిలిపిన కారులో గానీ, రేకుల గదిలో గానీ ఉంచిన క్లే ఓవెన్ మొహం చూడకుండానే కొద్దికొద్దిగా ముదురుతుంది. అందువల్ల ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు ఎండలు ముదరకముందే తెప్పించుకోవడం మంచిది. పార్శిల్ విప్పిన వెంటనే ప్రతి ముద్దనూ ఒక మూల గిల్లి చూడాలి. కాస్త గట్టిగా ఉన్నది చేతిలో పిసుకుతూ పోతే దారికి వస్తుంది. ఎంత పిసికినా రవ్వలా రాలిపోతుంటే దానితో నగ చేయకుండా తిప్పి పంపడమే మేలు. నిల్వ చేసే డబ్బా అడుగున త్రికోణంలో 5 అంకె ఉందేమో చూడాలి, అది పాలిప్రొపిలిన్ గుర్తు. కొన్ని ఇతర గట్టి ప్లాస్టిక్ డబ్బాలలో పెడితే క్లేలోని ద్రవం డబ్బాను కరిగించి, ముద్ద ఆనిన చోట జిగురుగా మచ్చ పడుతుంది. పాలిష్ వేసిన బల్లపై వదిలేసినా అంతే.

అప్పడాల కర్ర, చపాతీ పీట, పాత గరిటె, ఏదైనా ఒకసారి క్లేకు వాడితే అది మళ్లీ వంటింట్లోకి పోకూడదు. పిల్లల బొమ్మల్లో కొన్ని రకాల థాలేట్ ప్లాస్టిసైజర్లు 0.1 శాతం మించరాదని అమెరికా 2008లో చట్టం చేసింది, పేరున్న తయారీదారులు తమ మిశ్రమాలను మార్చుకున్నారు కూడా. అయినా పెట్టె మీద హానికరం కాదని రాసి ఉన్నంత మాత్రాన తినే పాత్రలతో కలపవచ్చని అర్థం కాదు. పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే పిల్లలను చిరుతిండి ముట్టుకోనివ్వకూడదు. క్లే కోసే పలుచని స్టీలు బ్లేడుకు పదునైన అంచు ఏదో, మొద్దు అంచు ఏదో చూపుకు తెలియదు. మొద్దు వైపున ఎర్ర టేపు అతికించి, పనయ్యాక బ్లేడును పైఅరలో పెట్టడం అవసరం.

ఇక అసలు సంగతి ఓవెన్. పాలిమర్ క్లే బ్రాండ్లలో ఫిమో రకాన్ని 110 డిగ్రీల వద్ద 30 నిమిషాలు, స్కల్పీ ప్రీమోను 130 డిగ్రీల వద్ద ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాల చొప్పున కాల్చాలి. కేటో క్లేకు 150 డిగ్రీల దాకా కావాలి. అంటే ఒక రకానికి సరిపోయే వేడి ఇంకో రకాన్ని మాడ్చగలదు కనుక ప్యాకెట్ మీద ఉన్న అంకెనే పాటించాలి. చిక్కంతా ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) నాబ్‌తోనే. నాబ్‌ను 130 దగ్గర నిలిపినా లోపలి వేడి అంతకు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, వేడెక్కే కడ్డీల దగ్గర ఇంకా ఎక్కువగా ఉంటుంది. కాబట్టి లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోవాలి. నన్నడిగితే నాలుగు రంగులు తగ్గించుకునైనా అది ముందు కొనాలి. ఓవెన్‌ను పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేసి, థర్మామీటర్ ముల్లు కుదురుకున్నాక, నునుపైన గోడ టైలు మీద నగలను అమర్చి మధ్య అరలో ఉంచి, వాటికి తగలకుండా అల్యూమినియం ఫాయిల్‌ను గుడారంలా కప్పితే పైకడ్డీ సెగకు లేత రంగులు గోధుమరంగుకు తిరగవు. మైక్రోవేవ్ ఓవెన్ ఉన్నవారు వేడి గాలితో కాల్చే కన్వెక్షన్ పద్ధతిని మాత్రమే వాడాలి. మైక్రోవేవ్, కాంబినేషన్ పద్ధతులు ఎంత మాత్రం పనికిరావు. నగకు గుచ్చిన ఇనుప తీగ ఉంటే నిప్పురవ్వలు కూడా లేస్తాయి. పెనం మీద వేడిచేయడం, హీట్ గన్ పట్టడం వంటివి వద్దు.

వేడి 175 డిగ్రీలు దాటితే పీవీసీ మాడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడవచ్చు, అది కళ్లను, గొంతును మండిస్తుంది. మామూలుగా కాల్చేటప్పుడు కూడా కాస్త వాసన రావడం సహజమే. వేసవిలో మనం చేసే పొరపాటు ఏమిటంటే, ఏసీ చల్లదనం పోతుందని తలుపులు బిగించి అదే గదిలో ఓవెన్ పెట్టడం. తెల్లవారుజామునే, కిటికీలు తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి కాల్చుకుంటే గాలికి గాలి, చల్లదనానికి చల్లదనం. అదే సమయంలో లోపల కేకు గానీ బిస్కెట్లు గానీ పెట్టకూడదు. ఘాటైన వాసనో పొగో వస్తే ఓవెన్ తలుపు తెరవకుండా స్విచ్ ఆపి, కిటికీలన్నీ తీసి, అందరూ బయటికి రావాలి; ఆస్తమా ఉన్నవారిని, పసిపిల్లలను ముందు పంపాలి. మధ్యలో కరెంటు పోతే కంగారు పడనక్కరలేదు. వచ్చాక మళ్లీ సరైన వేడిలో మొదటి నుంచి పూర్తి సమయం కాల్చవచ్చు, అందువల్ల క్లేకు నష్టం లేదు.

ఓవెన్ నుంచి తీసిన వెంటనే నగ మెత్తగానే ఉంటుంది. ఇంకా కాలలేదనుకుని వేడి పెంచడం వల్లే చాలా నగలు మాడిపోతాయి. పూర్తిగా చల్లారాకే పరీక్షించాలి. బాగా కాలిన పలుచని రేకు కొద్దిగా వంగి తిరిగి లేస్తుంది, సరిగా కాలనిది పుటుక్కున విరుగుతుంది. అంచులు నున్నగా రావాలంటే వాటర్ పేపర్‌ను (తడిపి వాడే గరుకు కాగితాన్ని) నీటిలో ముంచి రుద్దాలి, పొడిగా రుద్దితే ఆ ధూళి ముక్కులోకి పోతుంది. మెరుపు కోసం గోళ్ల రంగు పూయడం చాలామందికి అలవాటు. అందులోని ద్రావకం క్లేను మెత్తబరచి, రోజులు గడిచే కొద్దీ జిగురుగా మారుస్తుంది. నీటితో కలిపే వార్నిష్ వాడుకోవడం క్షేమం.

గిల్టు పడని చెవులకు చౌక కొక్కీలలోని నికెల్ చెమటతో కలిసి దురద, పుండ్లు తెస్తుంది. 316ఎల్ అనే రకం స్టీలు గానీ టైటానియం గానీ చాలామందికి పడతాయి. నికెల్ అసలే సరిపడనివారు టైటానియమే ఎంచుకోవాలి. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో చిన్న పూసలను లెక్కపెట్టి పళ్లెంలో పోసుకుని, లేచేటప్పుడు మళ్లీ లెక్క చూసుకుని మూత బిగించి పెట్టాలి.